ఆదివారం ఆరిపోయే దీపం

సభాధ్యక్షులు పాస్టరు పౌలియాసి గారికి, ఊరి పెద్దలకి, ముందు వరసలో చాపల మీద కూర్చున్న అమ్మలకి, విందుకు పందుల్ని కాలుస్తూ బయటే ఉండిపోయి కిటికీలోంచి వింటున్న నాన్నలకి నమస్కారం. పాస్టరు గారు ప్రార్థన కొంచెం వివరంగానే చేశారు కాబట్టి నేను క్లుప్తంగా మాట్లాడతాను. (నవ్వులు) నవ్వకండి, అక్కడ పందులు మాడిపోతాయి.

లెసియేలి టీచరు గారు ఇవాళ రిటైరవుతున్నారు. ఈ దీవిలో ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకోనివాళ్ళు లేరు. నేర్చుకుని మర్చిపోయినవాళ్ళు కొట్టు నడుపుతున్నారు. నీ గురించి కాదులే, ఫెలేటీ. నేనూ ఆమె శిష్యుణ్ణే. హెడ్‌మాస్టర్నయ్యాక కూడా "ఏరా సెమిసీ" అనే పిలుస్తారు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రం గౌరవించి "ఏరా హెడ్‌మాస్టరూ" అన్నారు.

ఆమె గురించి చెప్పాలంటే నిరుడు వచ్చిన ట్యాబుల సంగతి చెప్పాలి. ఎవరో పుణ్యాత్ములు నాలుగో తరగతికి ట్యాబులిచ్చారు, వాటిలో లెక్కల ఆట పెట్టారు. రోజూ కాసేపు కూడికలో ఎక్కాలో ఆడితే తెర మీద దీపం వెలుగుతుంది; ఒక్క రోజు మానేస్తే ఆరిపోతుంది, మళ్ళీ మొదటినుంచి మొదలు. ఒక్క పిల్ల దీపమైనా నెల పాటు ఆరకుండా నిలవాలి, లేకపోతే ట్యాబులు వేరే బడికి పోతాయని షరతు. అదెంత పని అనుకున్నాను. ఆదివారం అనేది ఒకటుందని వాళ్ళకి తెలియదు, నాకు గుర్తు రాలేదు.

పాస్టరు గారిని అడిగాం. "అది ఆటా, పనా?" అన్నారు. ఆటేనండీ అన్నాను. "టోంగాలో పుట్టి ఆదివారం ఆటలేమిటయ్యా?" అన్నారు. అయితే చదువే లెండి, పనే అన్నాను. "పని అసలే కూడదు" అన్నారు. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

ప్రతి సోమవారం దీపాలన్నీ ఆరిపోయేవి. మిగతా పిల్లలు పట్టించుకోలేదు గానీ లూపే సంగతి వేరు. ఏడో ఎక్కం దగ్గర ఆ పిల్లకి నోరు పెగిలేది కాదు. నలుగురిలో అడిగితే బల్ల కిందికి చూసేది. ట్యాబు ముందు ఒక్కతే కూర్చుంటే మాత్రం తప్పంటే భయం లేదు, తప్పయితే ఇంకోసారి నొక్కేది. దీపం ఆరేసరికి, "చర్చికే కదా టీచర్ వెళ్ళాను, ఎందుకు ఆర్పేసింది?" అని ఏడ్చింది. కొన్నాళ్ళకి ట్యాబు ముట్టుకోవడమే మానేసింది. లెసియేలి గారు నా గదికి వచ్చి, "ఇవి పోతే ఆ పిల్ల మళ్ళీ బల్ల కిందికే చూస్తుందిరా. నేనా వెళ్ళిపోయేదాన్ని" అన్నారు.

ఒక సోమవారం పొద్దున ఆమె బతిమాలగా బతిమాలగా లూపే ట్యాబు తెరిచింది. తెరిచి, గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది. "టీచర్! ఇది శుభ ఆదివారం అంటోంది! ముట్టుకుంటే పాపం!" క్లాసంతా చేతులు వెనక్కి పెట్టుకుంది. గుమ్మంలో నిలబడి నేనూ పెట్టుకున్నాను. (నవ్వులు)

లెసియేలి గారు మాత్రం, "ఇది లండన్ వాళ్ళ ఆదివారంరా" అని బోర్డు మీద రెండు గడియారాలు గీశారు. ఆట నడిచేది లండన్ గడియారంతో. అక్కడ తేదీ మారేసరికి మనకి మధ్యాహ్నం భోజనాల వేళ. కాబట్టి శనివారం తిండికి ముందోసారి, తర్వాతోసారి ఆడితే దాని లెక్కలో శుక్రవారం, శనివారం, రెండు రోజులు. సోమవారం పొద్దున ఆడితే దాని ఆదివారమూ నిండుతుంది. మన ఆదివారం మనకి మిగులుతుంది. ఈ లెక్క పిల్లలకి ఆ పూటే ఎక్కింది, నాకు గురువారానికి ఎక్కింది.

పాస్టరు గారు, "ఇది దేవుణ్ణి మోసం చేయడం కాదా అమ్మా?" అన్నారు.

"అరణ్యంలో తిండికి మన్నా కురిసినప్పుడు, ఏడో రోజు విశ్రాంతి కాబట్టి ఆరో రోజున రెండు రోజులకి సరిపడా ఏరుకోమన్నది ఎవరండీ? మేమూ అలాగే ఏరుకుంటున్నాం."

"మరి మన సోమవారం ఆ లండన్లో ఆదివారమే కదా?"

"అది లండన్ వాళ్ళు పాటించుకోవాలి."

మరుసటి వారం పాస్టరు గారు మన్నా మీదే ప్రసంగించారు. ఎవరు గుర్తు చేశారో చెప్పడం మర్చిపోయారు. (అధ్యక్షులు కూడా నవ్వుతున్నారు, అందరూ చూడండి.)

శనివారాలన్నీ ఆమే బడి తాళం తీసి కూర్చున్నారు. లూపే దీపం నెల నిలిచింది, ట్యాబులు మనకే ఉండిపోయాయి, మనం చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయాం. తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలియదు. ఆమె లూపేని పిలిచి, "ఇవాళ ఆడకు" అన్నారు. పిల్ల హడలిపోయింది.

"ఆరిపోతుంది టీచర్!"

"ఆరనీ."

ఆరింది. మర్నాడు లూపేని క్లాసు మధ్యలో నిలబెట్టి, "ఏడెనిమిదులు?" అని అడిగారు. ఆ పిల్ల కిందికి చూడలేదు.

"యాభై ఆరు."

"దీపం లేదుగా?"

"లేకపోయినా యాభై ఆరే టీచర్."

(ఆమె వైపు తిరిగి) లెసియేలి గారూ, సోమవారం మీ గది తలుపు నేను తీయాలి. నాకు ఇష్టం లేదు. బెంగగా ఉంది, ఇంతమందిలో చెబుతున్నాను. మీరు లేకపోయినా యాభై ఆరే, నాకు తెలుసు. అయినా మీరుంటే బాగుండేది.

ఓపికగా విన్న మీకందరికీ, మాడకుండా చూసిన నాన్నలకీ కృతజ్ఞతలు. సెలవు.