హాలు అద్దె

పరాయి దేశపు రాయబార కార్యాలయం వెనక, వంటగది మెట్ల మీద ఇద్దరు: అక్కడి వంటమనిషి, లాయరైన ఆమె తమ్ముడు.

“ఇక్కడి హాలు తలుపుకి ఆ జప్తు నోటీసు అంటించింది నువ్వేనా?”

“నేనెందుకు అంటిస్తానక్కా? కోర్టువాళ్ళు అంటించారు.”

“వాళ్ళ వెనక నల్లకోటేసుకుని నిలబడిందెవరు మరి? కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయాను. పొయ్యిమీద కూర మాడిపోయింది.”

“నా పని అది. మా కాంట్రాక్టరు వీళ్ళ దేశంలో రేవు కట్టాడు. కట్టించుకుని డబ్బు ఎగ్గొట్టారు. మధ్యవర్తులు ఇతని వైపే తీర్పిచ్చారు. ఆ తీర్పు పట్టుకుని ఎన్నేళ్ళు తిరిగాడో! ఇల్లు కూడా అమ్ముకున్నాడు.”

“పాపమే. కాదన్నానా? మధ్యలో ఈ హాలు మీద పడ్డావేంట్రా?”

“ఇంకేదీ దొరకలేదు. పరాయి ప్రభుత్వం తన సొంత పనికి వాడుకునేదాన్ని మన కోర్టు ముట్టుకోదు. వ్యాపారానికి వాడితే ముట్టుకుంటుంది. హాలు అద్దెకిచ్చారంటే వ్యాపారమేగా.”

“ఎవరికిచ్చారు అద్దెకి?”

“ఎవరికో ఒకరికి.”

“నిన్నే అడుగుతున్నాను.”

“నీకు. అమ్మాయి పెళ్ళి విందుకి. అద్దె కట్టానని నువ్వేగా చెప్పావు, అందరి ముందూ!”

“నా పేరు రాశావా?”

“మా మేనకోడలి విందుకి అద్దె కట్టారని నేనే అఫిడవిట్ వేశాను. నీ జోలికెవరూ రారు. నువ్వు ఊరుకుంటే చాలు.”

“పొద్దున రాయబారిగారు వంటగదిలోకొచ్చారు. తిడతారనుకున్నాను. ‘మీ తమ్ముడు పొరబడ్డట్టున్నాడమ్మా’ అన్నారు. అంతే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.”

“పట్టించుకోకు.”

“ఎలా పట్టించుకోనురా! ఒకటి చెప్తాను, కోప్పడకు.”

“వద్దక్కా. ఇప్పుడేం చెప్పకు.”

“చెప్పనీ. నేను ఆరోజు—”

“వద్దన్నానా!”

“అద్దె కట్టలేదురా. ఒక్క పైసా కట్టలేదు. ఊరికే ఇచ్చారు. కుర్చీలు కూడా ఆయనే వేయించారు. వంటమనిషని జాలిపడి ఇచ్చారంటే వియ్యాలవారి ముందు చిన్నతనమని, గొప్పకి పోయి అద్దె కట్టానన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. రేపు కోర్టుకొచ్చి చెప్పేస్తాను. నా మాట నమ్మి నువ్వు అబద్ధం రాశావు. తప్పు నాది.”

“నీది కాదు.”

“నాదేరా. పాపం, నీకేం తెలుసు?”

“తెలుసక్కా. విందులో చేతులు కడుక్కుంటుంటే రాయబారిగారే చెప్పారు నాకు, ఊరికే ఇచ్చామని. నువ్వు సిగ్గుపడి నోరు విప్పవనే ధైర్యంతోనే ఆ అఫిడవిట్ వేశాను.”