కిటికీ ముంగట పసుపు

"నానమ్మా, సూర్యాపేటల మా కిరాయి ఇంటెనక సందుకు ఎండే రాదు. మల్లె పెడ్తె పోయింది, గులాబి పెడ్తె పోయింది. గీడ నీ కిటికీ ముంగట గింత పచ్చగ గీ చెట్లు ఎట్ల పెరిగినయే?"

ఎండకు బతికేదాన్ని తీస్కపోయి నీడల పెడ్తె ఎట్లుంటది బిడ్డా? నేనూ గట్లనే చేసిన. కూసో, చెప్త.

మీ తాత గీ మిర్యాలగూడల రైసుమిల్లుల హమాలి గద. ఒకనాడు బస్తాల మీదికెల్లి పడ్డడు, తుంటి ఇరిగింది. ఆపరేషన్ గీడనే... కాదు కాదు, గీడ సూపిచ్చినం, ఆపరేషన్ నల్లగొండల అయింది. ఇంటికి తెచ్చి గీ ఎనక అర్రల మంచమేసినం. కిటికీలకెల్లి సూస్తె మిల్లు గోడ. పొద్దుగాల గోడనే, మాపటికి గోడనే. ఇగ మాట్లాడుడే బంజేసిండు.

నాకు పరేషానైంది. జర పచ్చగ కనవడితె మనిషి తేరుకుంటడని, గోడకు ఇంటికి నడిమి సందుల మల్లె పెట్టిన. ఎండిపాయె.

గప్పుడే పెన్‌పహాడ్ కెల్లి మా చెల్లె లచ్చమ్మ వచ్చింది. మనిషి బక్కగుంటది గని మాట గట్టిది, తెలుసు గద నీకు. సందుల నిలవడి పైకి సూసి, "అక్కా, గీడ పువ్వులు కావు, ఆకులు పెట్టు" అన్నది. మల్లొచ్చినప్పుడు పసుపు కొమ్ములు, చామగడ్డలు, తమలపాకు తీగ తెచ్చింది. తవ్వితె అంత ఇటుక పెల్లలే. అన్ని తీసేసి, మాగిన పెంటెరువు, మట్టి కలిపి పోసినం. నీళ్లంటవా, నీడల మట్టి జల్ది ఆరది. ఏలు పెట్టి సూసినంకనే పొయ్యాలె, లేకుంటె గడ్డ మురుగుతది.

మిల్లు బూడిదొచ్చి ఆకుల మీద పడేది. తడిబట్టతోని తుడుస్తుంటి. ఒకనాడు మంచం మీదికెల్లే మీ తాత, "ఎడమ దిక్కు ఆకు ఇడిసిపెట్టినవ్" అన్నడు. ఎన్ని దినాలకు ఇన్ననో ఆ గొంతు! ఆ ఒక్క ఆకునే మల్ల మల్ల తుడిసిన.

సలికాలమొచ్చింది. పసుపు ఆకులు పండిపోయి కింద పడ్డయ్. "అది గూడ నా లెక్కనే అయింది గదనే" అన్నడు. "లోపల గడ్డున్నదయ్యా, ఎటువోదు" అన్న. అన్న గని, నాకూ బుగులే. ఎండకాలమంత ఉత్త మట్టి. ఒక్క తమలపాకు తీగనే గోడ పట్టుకోని ఉండె.

వానలు పడ్డయ్. నేను వంటింట్ల ఉన్న. "ఏమే, ఉరుకు!" అని ఒకటే కేక. మంచం మీదికెల్లి పడ్డడేమో అనుకున్న. ఉరికొచ్చి సూస్తె, తనంతల తనే లేసి కూసున్నడు. కిటికీ సీకులు పట్టుకోని బయటికి సూస్తున్నడు. "గాడ సూడు, మొలిసింది" అన్నడు.

నేను మొలక దిక్కు సూడలే బిడ్డా. కూసున్న మనిషినే సూసిన.

అటెనక కట్టె పట్టుకోని నడిసిండు. ఆకులు తుడుసుడు తన పనే చేసుకున్నడు, పానం పోయేదాక. సరే, రెండు కొమ్ములు తవ్విస్త, తీస్కపో. ఎండ లేదని ఊకె దిగులువడకు. మీ ఆలుమొగలిద్దరు సల్లగుండాలె, మీ ఇల్లు పచ్చగుండాలె... జర గా గిన్నె అందియ్యి, తడిమట్టి తోనే ఇస్త...