ఏనుగు కాళ్ల తాబేలు

ఎవరో ఖాళీ చేసిపోయిన అద్దె ఇల్లు ఊడ్చడానికి వెళ్లిన ఆమెకు, బకెట్ అడుగున దొరికిందా తాబేలు. ఇంటికి తెచ్చి ఐదు రోజులైనా అది ఏమీ ముట్టలేదు. ఆమెకు ఒకటే బెంగ. చివరికి మొగుడితో కలిసి దాన్ని చేటలో పెట్టుకుని కళింగపట్నం ఒడ్డుకు వచ్చింది.

“వదిలీ మావా. దానోళ్లలో కలిసిపోతాది.”

“వదిలీసినాను... ఓలమ్మ, ఎనక్కొచ్చేస్తన్నాదే!”

“దారి తెలీలేదేమో, మళ్లీ తిప్పు.”

“మూడుసార్లు తిప్పినాను. ఇసక మీదకే లగెత్తుతన్నాది.”

“తాబేలు లగెత్తడమేటి, నీ మొకం!”

“నువ్వే సూడు. కెరటం కనిపిస్తే సాలు, పరుగే!”

“ఆగాగు. దీని కాళ్లు సూసినావా? సముద్రం తాబేలుకి తెడ్లుంటాయి. దీనివి ఏనుగు కాళ్లు!”

“అయితే?”

“ఇది మెట్ట తాబేలు మావా! ఈత రాదు! ముంచి సంపీసీవాళ్లం!”

“నాకు తెలీదేటి తాబేలంటే? ఏటా తాబేలు పిల్లల్ని సముద్రంలో వదిలిందెవుడు?”

“అందుకే దీనికి సేపముక్కలు పెట్టినావు! ఇది ఆకులు తింటాది.”

“ఈ ఇసకలో ఆకులెక్కడివే?”

ఆమె పడీపడీ నవ్వుతూ, దాని మొహం చూద్దామని ఇసకలో బోర్లా పడుకుంది. జడ ముందుకు జారింది.

“కదలకే!”

“ఏటైంది?”

“నీ జడలో మందారం కొరికింది! తింటన్నాదే!”

“నిజంగానా?”

“నవ్వకే, పువ్వు ఊగిపోతన్నాది!”

“నవ్వాగట్లేదు మావా! మన పక్కింటి కంచె మీద ఇంకో నాలుగు పువ్వులున్నాయి, లగెత్తు!”