కింది నుంచి పొయ్యరా

పై నుంచి కాదురా, కింది నుంచి పొయ్యమన్నానా! ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్? పైన పోస్తే నీళ్ళు కారు ముందద్దం చుట్టూ పారతాయి. ఏ మూల నుంచి లోపలికొస్తున్నాయో నాకెలా తెలుస్తుంది? ముందు అడుగున, తర్వాత పక్కలు, ఆఖర్న పైన. నాన్న నేర్పిందే కదా!

ఆఁ, ఊపు తల. అద్దాలన్నీ బిగించుకుని కూర్చున్నాను, బయట నీళ్ళ హోరు. నీకేం వినపడింది, నా మొహం!

బాగానే ఉంది నా వైభోగం. ఇంటికి పెద్దవాణ్ణి. నాన్న కారులో ఒళ్ళో తువ్వాలు, చేతిలో టార్చి. అద్దం అంచునంతా మీ వదిన మొహం పౌడరు చల్లుకుని, చార ఎక్కడ పడుతుందా అని కాపలా. ఈ తలుపేమో లోపలి నుంచి రాదు. నువ్వు తియ్యాలి. నీ దయ మీద బయటపడాలన్నమాట నేను!

ఈ తంటా అంతా ఎవరి వల్ల? రబ్బరు ఎండిపోయింది, అద్దం ఊడదీసి కొత్తది వెయ్యాలన్నాను. విన్నావా? ట్యూబొకటి తెచ్చి పైపైన నల్ల జిగురు పూశావ్. ఇప్పుడు దాని వెనక నీళ్ళు నిలిచి రేకంతా తుప్పు. ఇలా పూశావేంట్రా అని ఆ రోజే అడిగితే, "నీకన్నీ వంకలే అన్నయ్యా" అని పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వేరే వెళ్ళిపోయావ్. జిగురు దగ్గర వచ్చిన మాటకి ఇల్లు వదిలేస్తార్రా ఎవరైనా? నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా.

ఏంటీ, చెయ్యి తిప్పుతున్నావ్? దొరికిందా అనా? లేదు. పొయ్యి, పొయ్యి.

గడ్డం నెరిసిందిరా నీకు. వంగినప్పుడల్లా నడుం పట్టుకుంటున్నావ్. చూపించుకోవేం?

ఎలాగూ వినపడదు కాబట్టి చెబుతున్నా. దొరికింది. మీ వదిన ఫోన్ చేస్తే వచ్చావే, ఆ మొదటి ఆదివారమే దొరికింది. స్టీరింగు వైపు కింది మూల. పౌడరు ముద్దయింది. తుడిచేసి, ప్రతి ఆదివారం మళ్ళీ చల్లుతున్నాను. చెప్పానంటే రబ్బరు మార్చేసి, పైపు చుట్టేసి, స్కూటరెక్కి పోతావ్. మళ్ళీ ఏం చెప్పి పిలవను నిన్ను? ఊరికే రారా అని నా నోటికొస్తుందా? ఊరికే నువ్వొస్తావా?

ఇదేంటి... ఇంత చప్పుడు లేకుండా ఉందేంటి? నీళ్ళెప్పుడు కట్టేశావ్?

నీళ్ళొచ్చే సందులోంచి మాటా పోతుందని తట్టలేదు చూడు, ఈ బుర్రకి!

ఎందుకురా అలా నిలబడ్డావ్? తలుపు తియ్యి. ఒరేయ్. తియ్యమంటున్నానా!

ఎక్కడికి? మళ్ళీ కుళాయి తిప్పావేంటి? అటు పైమూల పోస్తావేంట్రా? కారేది ఇటు కింద అని ఇప్పుడే కదా చెప్పాను! విన్నావు కదా...

సరే. నీ ఇష్టం. పై నుంచే పొయ్యి.

నేనెక్కడికి పోతాను? తలుపు నీ చేతిలో ఉంది.