గీతలు అరిగిన వేళ్ళు

బ్యాంకు కౌంటరు. అద్దానికి అవతల గుమస్తా అమ్మాయి. ఇవతల హోటల్లో అంట్లు తోమే ఆవిడ, పక్కన పదేళ్ళ కూతురు.

“అక్కా, ఈ వేలిముద్రా పడలేదు. చూపుడువేలు పెట్టు.”

“ఇందాక పెట్టింది అదేనమ్మా.”

“అయితే ఉంగరంవేలు. నొక్కు... మరీ అంతలా కాదు! మిషను పగిలితే నా జీతంలో కోస్తారు.”

“ఉండండి, కొంగుకి తుడుచుకుంటా.”

“గీతలుంటేగా తుడిస్తే పడటానికి! అంట్లతో పాటు వేళ్ళు కూడా తోమేశావేంటక్కా?”

“మా అమ్మ తోమితే గిన్నెలో మొహం కనపడుతుంది మేడం.”

“అబ్బో, వకీలును వెంటబెట్టుకొచ్చావే! ఏం పాపా, ఇవాళ బడి లేదా?”

“ఉంది... అంటే...”

“దానికి జలుబమ్మా. మీరు మిషను సంగతి చూడండి.”

“జలుబా? ఒక్కసారీ తుమ్మలేదే!”

“ఇంటికెళ్ళాక తుమ్ముతుందిలెండి.”

“సరే సరే. నీకింత తొందరేంటి? ఓ నెలాగి రా, వేళ్ళు కాస్త కుదుటపడతాయి.”

“సోమవారంకల్లా ఖాతా కావాలమ్మా. ఆసుపత్రి వంటింట్లో పనిస్తామన్నారు. జీతం బ్యాంకులోనే వేస్తారట.”

“ఇప్పుడు చేతికిస్తున్నారా?”

“ఏదీ! మా ఆయన జబ్బుపడ్డప్పుడు ఓనరు దగ్గర అప్పు తీసుకున్నా. ఇంకెక్కడా పుట్టలేదు. అప్పట్నించీ నా జీతం ఓనరు దగ్గరే. అడిగితే, ఇంకా తీరలేదు పొమ్మంటాడు.”

“భలేవాడే! బ్యాంకు పెట్టాల్సినవాడు హోటలు పెట్టాడు.”

“నవ్వించకండమ్మా, వేలు కదిలిపోతోంది.”

“పోనీ, పాపకీ ఓ ఖాతా తెరుద్దాం. లేత వేళ్ళు, టక్కున పడతాయి. తప్పు మిషనుదో, మీ అమ్మ వేళ్ళదో తేలిపోతుంది. రా పాపా.”

“దానికెందుకులెండి...”

“భయమా? కరవదులే. ఇలా పెట్టు... ఊఁ... ఇదేంటి? ఇంకో వేలు... ఇదీ పడట్లేదే! ఏదీ, చెయ్యి చూపించు.”

“నేను పెద్ద గిన్నెలు తోమను మేడం. గ్లాసులే.”

“నువ్వూరుకోవే!”

“అక్కా... హోటల్లో ఇద్దరూ తోముతున్నారా?”

“దాని కష్టం కూడా అప్పులో జమ చేసుకుంటానన్నాడమ్మా.”

“ఎంత తీరిందో చెప్పాడా?”

“చెబితే ఇంకేం! జీతం నా ఖాతాలో పడితే, నేనే నెలనెలా ఇంతని కట్టి వదిలించుకుంటా.”

“ఉండు, వేలికి బదులు కన్ను చూసి గుర్తుపట్టే మిషను లోపలుంది... ఇదిగో, ఇటు చూడు. ముందు కళ్ళు తుడుచుకో అక్కా, తడిగా ఉంటే దీనికి నచ్చదు.”

“మేడం, మీరు కూడా తుడుచుకోండి.”

“నోరు చూడు దీనికి! కదలకక్కా... పడింది! సోమవారానికి పాసుబుక్కు నీ చేతిలో ఉంటుంది. ఒక్క మాట, కోప్పడకు. ఆసుపత్రికి కూడా దీన్ని తీసుకెళ్తావా?”

“తీసుకెళ్దామన్నా కుదరదమ్మా. అక్కడ పిల్లల్ని గేటు దాటనివ్వరట. ఆ మాట విన్నాకే, చేస్తే ఆ పనే చేస్తానని కూర్చున్నా.”