గడియారమైనా ఉంది

డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే ఆమె ఆరిన బట్టలు ముందేసుకుంది. భర్త ఫోన్‌లో చదరంగం ఆడుతూ, చాలాసేపటిగా వేలు కదపలేదు.

"ఎత్తు వెయ్యరేం?"

"ఏం వేసినా రెండెత్తుల్లో ఆటకట్టే."

"మరి ఓడిపోయానని ఒప్పేసుకోవచ్చుగా?"

"ఆటలో నా వంతు గడియారంలో ఇంకా బోలెడు టైముంది. అది అయ్యేదాకా అవతలివాణ్ణి కూర్చోనీ. విసుగెత్తి లేచిపోయాడా, గెలుపు నాదే."

"పాపం, ఎవరో ఏమో."

"ముక్కూ మొహం తెలీనివాడి మీద నీకెందుకే అంత జాలి?"

"అలా కూర్చోవడం నాకు అలవాటేగా. మా చెల్లెలి ముందు నన్ను బుర్రలేనిదాన్నన్నారు. అది తప్పు కాదా అని నేనడిగి ఎన్నాళ్ళైంది? బెల్లం కొట్టిన రాయిలా ఉలకరు, పలకరు. నేనే విసిగి వదిలేస్తానని."

ఆయన ఫోన్ మీద గట్టిగా ఒక్క నొక్కు నొక్కాడు.

"ఇదిగో, ఓటమి ఒప్పుకున్నా. చాలా?"

"వాడికా, నాకా?"

కొత్త ఆట మొదలైన చప్పుడు వినబడింది. మడిచిన చొక్కానే ఆమె మళ్ళీ విప్పి మడిచింది.

"వాడే నయం. అక్కడ గడియారమైనా ఉంది."