మోకాలికి దెబ్బ తగిలిన చెట్టు

శుక్రవారం బడి వదిలాక మామ్మ తరగతి గుమ్మంలో నిలబడింది. మనవరాలిని ఈ బడి మాన్పించాలనే వచ్చింది.

“టీచరమ్మా, చదువు చెప్పమని పంపితే వారమంతా పిల్లని మట్టిలో దొర్లించారు. గౌన్లు ఉతకలేక నా చేతులు పడిపోయాయి.”

“కూర్చోండి మామ్మగారూ. ఆ కుర్చీ పిల్లలది, జాగ్రత్త.”

“కూర్చోడానికి రాలేదమ్మా. అసలే నోరు విప్పని పిల్ల. ఇక్కడ ఇంకా మొద్దయిపోతుంది. వేరే బడిలో వేస్తాను.”

“బుధవారం సంగతి ఇంట్లో చెప్పలేదా?”

“అది చెప్పడం కూడానా! బడి ముచ్చట ఒక్కటీ చెప్పదు.”

“ఈ వారం పాఠాలన్నీ తోటలో చెట్ల దగ్గరే. బుధవారం కళ్లకు గంతలు కట్టి ఒక్కొక్కరిచేత ఒక్కో చెట్టును తడిమించాం. వెనక్కి తీసుకొచ్చి గంతలు విప్పాక ఆ చెట్టేదో వాళ్లే వెతుక్కోవాలి. అందరూ తికమకపడ్డారు. మీ పిల్ల తిన్నగా వెళ్లి తన చెట్టును వాటేసుకుంది.”

“అంతేనా?”

“గదిలోకొచ్చి బొమ్మ వేసింది. ఎవరూ అడక్కుండానే లేచి, ‘నా చెట్టుకి మోకాలి దగ్గర దెబ్బ తగిలింది, బంక కారుతోంది’ అని అందరికీ చెప్పింది.”

మామ్మ ఆ చిన్న కుర్చీలోనే కూర్చుండిపోయింది.

“గట్టిగానే చెప్పిందా?”

“వెనక బెంచీదాకా వినిపించింది.”

“ఇంటిల్లిపాదీ బతిమాలినా పలకని పిల్ల! నీ చేతిలో ఏముందో తల్లీ!”

“గంతలు కట్టాను, అంతే మామ్మగారూ. మరి వేరే బడి మాట?”

“అదెందుకిప్పుడు? బయట ఆడుకుంటున్న పిల్లని లోపలికి పిలువు. నా కళ్లకీ గంతలు కట్టి, తన చెట్టు దగ్గరికి తీసుకెళ్లమను.”